బాల్కనీలో పైన్ చెక్క మీద తెల్ల పొర: యాప్ చెప్పినట్టు అది అరుదైన ఫ్లీబియా సెంట్రిఫ్యూగానేనా?

కాదు. ఫొటో చూశాక ఈ మాట గట్టిగానే చెప్పగలను. ఎందుకు కాదో చెప్పడానికి కాస్త చోటు కావాలి. ఎందుకంటే మీరు పేరెత్తిన ఆ శిలీంధ్రం గురించి తెలుగులో చదవడానికి దాదాపు ఏమీ దొరకదు, తెలుసుకోదగ్గ విషయం మాత్రం చాలా ఉంది.

మిగతావాళ్ల కోసం మీ ప్రశ్న రెండు ముక్కల్లో: మియాపూర్‌లో మీ ఫ్లాట్ బాల్కనీలో, ప్యాకింగ్ ప్యాలెట్లు విప్పిన పైన్ చెక్కలతో మొక్కల స్టాండ్ చేయించుకున్నారు. ఈ వానల్లో దాని కింది పలకకు అరచేయంత తెల్లటి పొర పట్టింది. మధ్యలో మైనం పూసినట్టు నున్నగా ఉంది, అంచుల్లో సన్నటి దూది పోగులున్నాయి. ఫొటో చూసి జీవుల పేరు చెప్పే యాప్‌లో పెడితే 'ఫ్లీబియా సెంట్రిఫ్యూగా' అని వచ్చింది. అది ఐరోపాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాల్లో ఉందని చదివి, దీన్ని కాపాడాలా, ఎవరికైనా తెలియజేయాలా అని అడిగారు. అది ఇంట్లో టేకు గుమ్మాలకు పాకుతుందేమో, పిల్లలకు హాని చేస్తుందేమో అన్న టెన్షన్ కూడా రాశారు.

పుట్టగొడుగు అనగానే మనకు గొడుగే గుర్తొస్తుంది. కానీ కలపను తినే శిలీంధ్రాల్లో వందల జాతులకు గొడుగూ ఉండదు, కాడా ఉండదు. చెక్కకు అంటుకుని పెచ్చులా పరుచుకుంటాయి, అంతే. ఆ పెచ్చు పైముఖమే వాటికి స్పోర్లు, అంటే విత్తనాల్లా పనిచేసే కంటికానని రేణువులు, పుట్టించే చోటు. అసలు ఒళ్లంతా చెక్క లోపల, కంటికి కనబడని తంతువులుగా ఉంటుంది. దుంగ అడుగున, నేలవైపు తిరిగి పెరుగుతాయి కాబట్టి అడవిలో తిరిగేవాళ్లు కూడా వీటిని చూడకుండానే దాటిపోతారు.

ఫ్లీబియా సెంట్రిఫ్యూగా ఈ గుంపులోది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త పెటర్ అడాల్ఫ్ కార్‌స్టెన్ 1881లో దీన్ని మొదట వర్ణించాడు. కొత్త వర్గీకరణలో హెర్మన్సోనియా సెంట్రిఫ్యూగా అని రాస్తున్నారు, రెండూ ఒకటే. పైన్‌కు చుట్టాలైన చెట్ల మీద, ముఖ్యంగా స్ప్రూస్ దుంగల మీద, కొన్నిచోట్ల ఫర్ దుంగల మీద వస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది. లేత రంగులో, మైనం లాంటి పొర మీద మధ్య నుంచి అంచుకు ముడతలు సాగి ఉంటాయి. అంచు తెల్లగా, కుచ్చులా ఉంటుంది. పెచ్చు గుండ్రంగా బయటికి పెరుగుతూ పోతుంటే మధ్యలో పాత భాగం చచ్చి ఊడిపోతుంది. పక్కపక్కన ఉన్న వలయాలు కలిసిపోయి, ఒక్కోసారి దుంగ పొడవునా జానల కొద్దీ పరుచుకుంటాయి. మీ ఫొటోలో ఆ ముడతలూ లేవు, ఆ వలయమూ లేదు. యాప్ చూసింది తెలుపు రంగును, దూది అంచును. ఆ రెండూ ఉన్న పెచ్చులు లెక్కలేనన్ని.

అయితే నేను కాదనడానికి మొదటి కారణం రూపం కాదు. అది మొలిచిన చెక్క. పెచ్చు శిలీంధ్రం ఫొటో ఎవరు పంపినా నేను ముందు అడిగేది ఒకటే: ఇది ఏ చెట్టు కలప, ఎంత లావు, ఎన్నాళ్లుగా పడి ఉంది, ఎండలోనా నీడలోనా? ఈ వివరాలు తెలిస్తే సగం పేర్లు వాటంతటవే తప్పుకుంటాయి.

ఫ్లీబియా సెంట్రిఫ్యూగాకు కావలసిన ఇల్లు చాలా ప్రత్యేకమైనది. లావాటి స్ప్రూస్ చెట్టు దానంతటది కూలి, చల్లటి నీడలో, తేమ నేల మీద ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండాలి. పూర్తిగా కుళ్లిపోయి ఉండకూడదు, కొత్తగా పడిన మానూ పనికిరాదు, మధ్య దశలో ఉండాలి. పైగా ఆ ఒక్క దుంగ చాలదు. దుంగ కరిగిపోయేలోపు పక్కనే మరొకటి అదే దశకు వచ్చి ఉండాలి, దాని తర్వాత ఇంకొకటి. అంటే ఆ అడవిలో చెట్లు పడటం, పడినవి ఉన్నచోటే ఉండటం తరాల తరబడి ఆగకుండా సాగాలి. అందుకే ఉత్తర ఐరోపాలో ఇది కనబడిందంటే, ఆ అడవిని గొడ్డలి అంతగా తాకలేదని లెక్కేస్తారు. అడవిలో ఏ భాగాన్ని నరకకుండా వదలాలో తేల్చుకునేటప్పుడు ఇలాంటి జాతుల కోసం వెతుకుతారు.

అరుదు కావడానికి కారణం ఇక్కడే ఉంది. దక్షిణ ఫిన్లాండ్‌లో మనిషి చెయ్యి పడని పాత అడవుల్లో హెక్టారుకు 60 నుంచి 120 ఘనమీటర్ల దాకా చచ్చిన కలప ఉంటుంది. కలప కోసం పెంచి కొట్టే అడవుల్లో అది 2 నుంచి 10 ఘనమీటర్లకు పడిపోయింది. మిగిలిన ఆ కొద్దిపాటి కూడా చాలావరకు కొమ్మలూ మొదళ్లే, లావాటి దుంగలు తక్కువ. ఫిన్లాండ్ అడవుల్లోని జాతుల్లో ఇంచుమించు నాలుగో వంతు, అంటే 4,000 నుంచి 5,000 జాతులు, చచ్చిన కలప మీద ఏదో ఒక విధంగా ఆధారపడినవేనని అక్కడి అంచనా. పురుగులు, శిలీంధ్రాలు, నాచులు అన్నీ కలిపి. శుభ్రంగా ఊడ్చి ఉంచిన అడవి వీటికి ఎడారితో సమానం.

గాలికి స్పోర్లు ఎక్కడికైనా ఎగిరిపోతాయి కదా, వేరే చోట మొలవొచ్చు కదా అనిపిస్తుంది. చాలా కాలం శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. సరిగ్గా ఈ శిలీంధ్రం మీదే ఫిన్లాండ్‌లో పరిశోధకులు ఆరుబయట ప్రయోగం చేసి కొలిచి చూశారు, 2012లో ఫలితాలు వచ్చాయి. పెచ్చు దగ్గర రాలే స్పోర్లు కొద్ది దూరం పోయేసరికే బాగా పలచబడుతున్నాయి. కొన్ని దూరం పోతాయి, నిజమే. కానీ ఎండకూ చలికీ తట్టుకుని, సరైన దుంగ మీద, సరైన సమయంలో పడాలి. అది చాలదన్నట్టు ఇలాంటి శిలీంధ్రాల్లో ఎక్కువవాటికి ఒక స్పోరు మొలిస్తే సరిపోదు. జోడీ కుదిరే ఇంకో స్పోరు అదే దుంగ మీద మొలిచి, రెండు తంతువులూ కలిస్తేనే స్పోర్లు పుట్టించే పెచ్చు తయారవుతుంది. పాత అడవి ముక్కలు ఒకదానికొకటి దూరమయ్యే కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

ఈ శిలీంధ్రం చేతగానిదేమీ కాదు. చెక్కలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, కణాలను బంకలా పట్టి ఉంచేది అదే. దాన్ని విరగ్గొట్టగల జీవులు భూమి మీద తక్కువ. ఇది తెల్ల కుళ్లు కలిగించే జాతి, అంటే లిగ్నిన్‌ను కూడా తినేస్తుంది. కలప మెత్తబడి, పీచుపీచుగా, తెల్లబడుతుంది. గోధుమ కుళ్లు కలిగించేవి చెక్కలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, గళ్లు గళ్లుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పైన్, స్ప్రూస్, ఫర్ లాంటి చెట్లను కోనిఫర్లంటారు; వాటి కలప మీద గోధుమ కుళ్లు జాతుల జోరు ఎక్కువ, వాటి మధ్య ఇది తన చోటు చూసుకుంటుంది. దీని ఎంజైముల మీద ఆసక్తితో 2018లో జన్యుక్రమం కూడా ప్రచురించారు.

దీనికి చుట్టమైన ఇంకో పెచ్చు సంగతి చూడండి. ఫ్లీబియోప్సిస్ జైగాంటియా కూడా చచ్చిన కోనిఫర్ కలప మీదే పెరుగుతుంది, కానీ దానికి కరువు లేదు. చెట్టు కొట్టిన వెంటనే పచ్చి మొదలు మీద వాలిపోతుంది. అడవి నరికే కొద్దీ దానికి ఇళ్లు పెరుగుతాయి. కేంబ్రిడ్జిలో జాన్ రిష్‌బెత్ అనే శాస్త్రవేత్త దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లాడు. పైన్ తోటలను పాడుచేసే వేరుకుళ్లు తెగులు కొత్తగా కోసిన మొదళ్ల మీది నుంచే లోపలికి దిగుతుందని గమనించి, ఆ మొదళ్ల మీద ముందే ఈ పెచ్చు స్పోర్లను చల్లితే తెగులుకు చోటు దక్కదని 1963లో చూపించాడు. ఇప్పుడు ఐరోపాలో దీన్ని డబ్బాల్లో అమ్ముతారు. ఇద్దరూ తినేది ఒకే రకం కలప. ఒకరికి కావలసింది కోసిన మొదలు, ఇంకొకరికి కావలసింది ఎవరూ ముట్టని దుంగ. మీ యాప్‌కు ఆ తేడా తెలియదు, దానికి చెక్క వివరాలు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మీ చెక్క సంగతి. విదేశాల నుంచి సరుకుతో వచ్చే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మ, దేశం గుర్తు, 'హెచ్ టీ' లేదా 'ఎం బీ' అనే అక్షరాలు కాల్చి ముద్రించి ఉంటాయి. హెచ్ టీ అంటే చెక్క లోపలి వరకు కనీసం 56 డిగ్రీల వేడిని ఆగకుండా 30 నిమిషాలు తగిలించారని అర్థం. ఎం బీ అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని. మీది న్యూజిలాండ్ పైన్ కావొచ్చు, మన దగ్గర ప్యాకింగ్‌కు దాన్నీ వాడతారు. ఒకవేళ ఐరోపా స్ప్రూసే అయినా, అంగుళం మందం పలకలుగా కోసి, ఆరబెట్టి, వేడిచేసి, సముద్రం దాటించిన చెక్కలో ఆ పాత అడవి శిలీంధ్రం బతికి వచ్చి, హైదరాబాద్ మే నెల ఎండను కూడా దాటుకుని, ఇప్పుడు పెచ్చు కట్టడం జరిగే పని కాదు. అంత పెచ్చు కట్టాలంటే దానికి లావాటి దుంగ లోపలి తేమ, ఆహారం కావాలి.

మరి మీ పలక మీద ఉన్నదేమిటి? ఇక్కడి గాలిలో ఎప్పుడూ తిరిగే స్పోర్లలో ఒకటి తడిచిన చెక్క మీద పడి మొలిచింది. హెచ్ టీ ముద్ర అప్పటివరకు ఉన్నవాటిని చంపుతుంది, ఆ తర్వాత వచ్చేవాటిని ఆపదు. కుండీల నుంచి కారే నీళ్లు, వాన జల్లు, గోడకు ఆనించి పెట్టడం, ఈ మూడూ కలిస్తే చాలు. వేడి ప్రాంతాల్లో ఎండుకొమ్మల మీద సాధారణంగా వచ్చే ఫనెరోకీట్ తరహా పెచ్చు అయి ఉండే అవకాశం ఎక్కువ. కేబీఆర్ పార్కులోనో మీ కాలనీలోనో వానల్లో రాలిన వేప, సుబాబుల్ కొమ్మలను తిప్పి చూస్తే ఇలాంటివి కనబడతాయి. కచ్చితమైన పేరు ఫొటోతో నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మకండి కూడా.

పేరు తేల్చాలని నిజంగా ఆసక్తి ఉంటే దారి ఉంది. వేలిగోరంత ముక్కను చెక్కతో సహా పలచగా చెక్కి తీయండి. ఇంకా తాజాగా ఉంటే పెచ్చు ముఖాన్ని గాజు పలక వైపు పెట్టి, మీద గిన్నె బోర్లించి ఒక రాత్రి ఉంచండి. స్పోర్లు రాలితే గాజు మీద తెల్లటి మసకలా కనబడుతుంది. తర్వాత ముక్కను నీడలో, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టి కాగితం పొట్లంలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు, రెండు రోజుల్లో బూజు పట్టి పనికిరాకుండా పోతుంది. పొట్లం మీద తేదీ, చోటు, చెక్క రకం, అది ఎండలో ఉందా నీడలో ఉందా రాయండి. ఈ నాలుగు మాటలు లేని నమూనా ఎంత అందంగా ఉన్నా చూసేవాళ్లకు ఉపయోగం తక్కువ.

ఆ తర్వాత పని మైక్రోస్కోపుది. బ్లేడుతో వెంట్రుకంత సన్నగా నిలువుకోత కోసి, పలచటి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో మెత్తబరిచి, రంగు వేసి, ఆయిల్ లెన్సు కింద చూస్తారు. తంతువుల కణుపుల దగ్గర కొక్కెం లాంటి ముడులున్నాయా లేవా, పైపొరలో స్పోర్లు పుట్టించని పెద్ద కణాలు పొడుచుకు వచ్చాయా, స్పోర్లు గుండ్రమా కోలా వంపా, అయోడిన్ కలిపిన మెల్జర్ ద్రావణంలో నీలమవుతాయా కాదా అని చూడాలి. కంటికి ఒకేలా కనిపించే రెండు తెల్ల పెచ్చులు ఇక్కడ వేరే కుటుంబాలకు చెందినవిగా తేలడం మామూలే. సైన్స్ డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో ఈ సరంజామా ఉంటుంది, శ్రద్ధగా అడిగితే చూపించేవాళ్లూ ఉంటారు. డీఎన్ఏ బార్‌కోడ్ కూడా చేయించవచ్చు, కానీ బాల్కనీ పెచ్చుకు అంత ఖర్చు నేనైతే పెట్టమనను.

టేకు గుమ్మాల భయం గురించి. మీరు చదివినది బహుశా బ్రిటన్ ఇళ్ల గురించి రాసే 'డ్రై రాట్' అయి ఉంటుంది. దాని పేరు సెర్పులా లాక్రిమాన్స్. గోడల మీదుగా కూడా తంతువులు పాకించి కలపను తినేస్తుంది, అక్కడ అది నిజంగా పెద్ద బెడద. కానీ దానికి చల్లదనం కావాలి. 20 డిగ్రీలకు కాస్త అటూఇటూ బాగా పెరిగి, 26, 28 దాటేసరికి ఎదుగుదల ఆగిపోతుంది. హైదరాబాద్ ఎండాకాలం దానికి సరిపడదు. విచిత్రం ఏమిటంటే, ఐరోపా ఇళ్లలో అంత అల్లరి చేసేది అడవిలో దొరకడం మాత్రం చాలా అరుదు. దాన్ని వెతుక్కుంటూ పరిశోధకులు 1990ల మొదట్లో మన హిమాలయాలకే వచ్చి, హిమాచల్‌లో నార్కండ దగ్గర కోనిఫర్ అడవిలో చూశారు.

మీ పలక మీదిది గోడ దాటి వచ్చే రకం కాదు. ఏ కలప శిలీంధ్రమైనా పెరగాలంటే చెక్కలో తేమ 20 శాతానికి బాగా పైన ఉండాలి. ఇంట్లో పొడిగా ఉన్న గుమ్మంలో అంత తేమ ఉండదు. పైగా టేకు చేవలో శిలీంధ్రాలకు గిట్టని రసాయనాలు సహజంగానే ఉంటాయి. చేవ లేని తెల్ల భాగానికి మాత్రం ఆ రక్షణ లేదు. కాబట్టి బాత్రూం గుమ్మం కింది భాగం ఎప్పుడూ తడిసి ఉంటే దాన్ని చూసుకోండి. నిజానికి మన ఊళ్లో గుమ్మాలకు శిలీంధ్రం కన్నా చెదల బాధ ఎక్కువ, ఆ తడే వాటినీ పిలుస్తుంది.

పిల్లల సంగతి: ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లో పెట్టుకోనివ్వకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే పొడిగా గీకకండి, నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని గీకేయండి. ప్యాలెట్ మీద 'ఎం బీ' ముద్ర కనబడితే ఆ చెక్కను వంటింట్లోకి, పిల్లల గదిలోకి తీసుకురాకపోవడం మంచిది.

ఇక కోనిఫర్ కలప మీది పెచ్చులను సొంత కళ్లతో చూడాలనుంటే హైదరాబాద్ చుట్టుపక్కల ఆ అవకాశం దాదాపు లేదు. దక్కన్‌లో అడవి కోనిఫర్లే లేవు. దక్షిణ భారతం మొత్తంలో సహజంగా పెరిగే కోనిఫర్ ఒక్కటే, నాగేయా వాలిచియానా, అదీ పడమటి కనుమల్లో. మన తోటల్లో క్రిస్మస్ చెట్టు అని పెంచే అరౌకేరియా కోనిఫరే కానీ నాటినది. సరుగుడును చాలామంది పైన్ చుట్టం అనుకుంటారు. అది పూలు పూసే చెట్టు, ఆ సూదులు ఆకులు కావు, కణుపులున్న సన్నటి రెమ్మలు. సరుగుడు దుంగ మీద దొరికినదాన్ని కోనిఫర్ శిలీంధ్రం అని రాసిన పోస్టులు తరచూ చూస్తుంటాను, అందుకే చెబుతున్నాను. అరకు వైపు నాటిన పైన్ తోటలున్నాయి. అక్కడ రాలిన కొమ్మలు తిప్పి చూడటం మొదలుపెట్టడానికి మంచి పని.

హిమాచల్ ట్రెక్కుకు వెళ్లే ఆలోచన ఉందని రాశారు కదా, అసలు చూడాల్సింది అక్కడే. దేవదారు, ఆపైన ఎత్తులో హిమాలయన్ స్ప్రూస్, ఫర్ అడవులు ఉంటాయి. దారి పక్కన కూలిన లావాటి దుంగ కనబడితే మోకాళ్ల మీద కూర్చుని దాని అడుగు చూడండి. దుంగను దొర్లించకండి, ఒకసారి తిరగబడితే అడుగున ఉన్న తేమ పోయి పెచ్చు ఎండిపోతుంది. ఫోన్‌ను కిందికి పెట్టి ఫొటోలు తీయండి: దుంగ మొత్తం కనబడేలా ఒకటి, పెచ్చు మొత్తం ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, బెరడు ఉంటే అదొకటి. ముక్క తీయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయంలో, పటియాలా పంజాబీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగాలు దశాబ్దాలుగా హిమాలయాల పెచ్చు శిలీంధ్రాలను సేకరించి వర్ణించాయి. మీ ఫొటోలు ఆసక్తిగా చూసేవాళ్లు అలాంటి చోట్ల ఉంటారు.

స్టాండ్‌ను పారేయనక్కర్లేదు. కింది పలకలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ ఒక్క పలక మార్చండి. గట్టిగా ఉంటే గీకేసి, మూడు నాలుగు రోజులు ఎండలో పెట్టి, కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వేసి, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఇవ్వండి, కుండీల కింద పళ్లేలు పెట్టండి. యాప్‌లో మీరు పెట్టిన పేరును మాత్రం ఇవాళే తీసేసి 'పెచ్చు శిలీంధ్రం, జాతి తెలియదు, హైదరాబాద్, ప్యాలెట్ పైన్ చెక్క' అని మార్చండి. అలా వదిలేస్తే ఉత్తర ఐరోపా పాత అడవుల పటంలో మియాపూర్ దగ్గర ఒక చుక్క మిగిలిపోతుంది, దాన్ని చూసి ఇంకో యాప్ అదే తప్పు నేర్చుకుంటుంది.